దగ్గు వచ్చే ముందు

ఇరవై రెండేళ్లు కండక్టరు సంచీ మోసిన ఎద ఇది.
పట్టీ ఎడమ భుజం మీంచి దిగి
రెండు రొమ్ముల నడుమ దావ చేసుకొని
కుడి తుంటి కాడ చిల్లరై మోగేది.
ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు, కర్నూలు.
నేను విజిల్ ఊదని మలుపు లేదు.

పట్టీ ఒరిసి నల్లబడిన ఆ గీతకు అడ్డంగా
కర్నూలు పెద్దాసుపత్రిలో నన్ను తెరిచినారు.
ఎముక కోసి, లోపల పని చూసుకొని,
ఆరు ఉక్కు తీగలతో మళ్లా కట్టినారంట.
కట్టిన సంగతి నాకు తెలీదు.
దగ్గు వచ్చినప్పుడు తెలిసింది.

గొంతులో గీరుకుంటా ఉంటేనే
కాళ్ల వేళ్లు ముడుచుకుంటాయి.
లోపల తలుపు రెక్కలు రెండూ
గొళ్లెం మీద గింజుకుంటాయి.

సలోమి సిస్టరు ఒక దిండు తెచ్చి చేతుల్లో పెట్టింది.
"గట్టిగా కరుచుకో అక్కా. సిగ్గేం లేదు.
దగ్గు రాకముందే పట్టుకోవాల, వచ్చినాక కాదు."
నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి.
దిండు పట్టుకొనే నవ్వినాను.
నా నోటి మాటే కదా అది:
ముందే పట్టుకోండమ్మా,
బ్రేకు పడినాక పట్టుకుంటే పళ్లు రాలతాయి.

మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బీ ఇచ్చి పీల్చమన్నారు.
ఊదడం అలవాటైన నోరు ఇది, పీల్చడం రాదు.
మొదటి రోజు ఒక బంతి రవ్వంత కదిలి
నా మొహం చూసి కూర్చుండిపోయింది.

ఒక సంగతి మాత్రం ఏ డాక్టరూ చెప్పలేదు.
బిందె ఎత్తొద్దన్నారు, బియ్యం మూట ఎత్తొద్దన్నారు,
చేతులు ఆనించి లేవొద్దన్నారు.
నాతోనే పెరిగిన బరువులు రెండున్నాయి,
వాటిని యాడ దించిపెట్టాల?
వెల్లకిలా పడుకుంటే చెరో పక్కకు జారి
కుట్టును చెరో పక్కకు లాగుతాయి,
చేను పంచుకునే అన్నదమ్ముల మాదిరి.
పొద్దున రౌండ్సులో ఐదుమంది మగపిల్లోళ్లు నిలబడి
"నొప్పి ఎక్కడమ్మా?" అంటే
"అంతా" అని గమ్మునైపోయినాను.

సలోమికి చెప్పే పనే పడలేదు.
రాత్రి డ్యూటీలో రెండు తువ్వాళ్లు చుట్టలు చుట్టి
చెరో పక్కన కింద దూర్చింది.
అది తొమ్మిదో రాత్రి.
నిద్ర పట్టింది.

ఇంటికి కారు మాట్లాడతానన్నాడు బజారప్ప.
బస్సే అన్నాను.
మెట్టెక్కేటప్పుడు కడ్డీ పట్టుకొని గుంజుకోకూడదంట.
ఆ కడ్డీకి నా అరచెయ్యి అరుగు తెలుసు.
దాన్ని ముట్టకుండా, మొగుని భుజం మీద భారమేసి ఎక్కినా.
స్టీరింగు కాడ మునెయ్య.
కోడుమూరు దాటినాక ప్రతి గుంతకూ
"ఉరుకుందక్కా, దిండూ!" అని కేక.
నేను కరుచుకుంటా. బస్సు దిగుతాది, లేస్తాది.
మూడో గుంతకు వెనక సీట్లోని మిరపకాయల ఆడోళ్లు కూడా
తమ మూటలు ఎదకు అదుముకున్నారు,
ఎందుకో వాళ్లకే తెలీదు.

ఎమ్మిగనూరులో ఖైరున్‌బీ టేపు పట్టుకొని వచ్చింది.
కొలత తీసేటప్పుడు ఊపిరి బిగబట్టింది
నేను కాదు, ఆమె.
మూడుసార్లు ఉతికిన నేతబట్ట.
హుక్కులు ముందర, చేతులు వెనక్కి తిప్పే పని లేకుండా.
పట్టీ నాలుగు వేళ్ల వెడల్పు.
కుట్లన్నీ బయటికే.
"తిరగేసి కుట్టినావేమే?" అంటే,
"లోపల ఒక కుట్టుంది కదా,
దానికి ఇంకోటి తగలకూడదు" అన్నది.
డబ్బులు తీసుకోలేదు. టీ తాగిపోయింది.
కింది హుక్కు నుంచి ఒకటొకటే పెట్టుకుంటా పైకొస్తే
ఎవరో రెండు అరచేతులతో
కింద నుంచి ఎత్తి పట్టినట్టుంది.

పదిన్నరకు వీధి చివర ఆదోని బస్సు హారను.
వాకిట్లో నేను, ఒళ్లో దిండు.
డబ్బీ తీసి పీలుస్తాను.
ఒకటి లేస్తాది. రెండోది లేస్తాది.
మూడోది కిందనే ఉంది,
ఊరు దాటినా సీటు వదలని ముసలాయన మాదిరి.
ఉండనీ.
నేనూ ఇప్పుడే యాడికీ పోవడంలేదు.